ఊదితేనే దొరికే మనిషి

కిందటి వారం మనం ఆగింది ఒక సంతకం దగ్గర. అది తాగి బండి నడిపిన కేసు కాగితం. ముద్దాయి మా బావ. ముద్దాయిని స్టేషన్ నుంచి వెంటబెట్టుకుని వెళ్ళిన మనిషి అన్నచోట ఉన్న సంతకం మా అక్కది. మొగుడు ఎటు పోయాడో తెలియదని ఏళ్ళ తరబడి ఊరంతటికీ చెప్పుకున్న మా అక్కది.

ఈ కథ ఇవాళే చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మా బావ నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. ఒకరోజు పూటుగా తాగి ట్యాంకరు సందులోకి తెచ్చి, ఇంటి అరుగు మీదికి ఎక్కించాడు. ఆ అరుగు మీద కూర్చున్న అక్క అప్పుడే నీళ్ళ చెంబు కోసం లోపలికి లేచింది. అరుగు పిండి అయింది. బావకు నిమిషంలో మత్తు దిగింది. తాగి ఈ గడప తొక్కనని అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, ఆ పూటే వెళ్ళిపోయాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. మానలేడు గనక, రాలేదు.

ఏడేళ్ళు అయినవాళ్ళెవరికీ కనబడని మనిషిని పోయినట్టే లెక్కవేయమని కోర్టును అడగవచ్చట. బావ వాళ్ళన్న అదే అడిగాడు. ఆయన్ని మేమందరం పెద్దాయన అంటాం, కలప డిపో నడుపుతాడు. డిపో స్థలం అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది. అమ్మాలంటే తమ్ముడు సంతకమైనా పెట్టాలి, చచ్చైనా ఉండాలి. సోమవారం వాయిదా. సాక్షులు పెద్దాయన, ఆయన భార్య, మా అక్క. మనిషి కనబడలేదు, కబురైనా లేదు అని అక్క చెప్పాలి. చెప్తానని ఒప్పుకుంది.

నేను ఒప్పుకోలేదు. నన్నెవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి. గుద్దుకున్న బండ్లకు సొట్టలు తీసుకునేవాడి ఒప్పుదల ఎవరిక్కావాలి? కానీ ఎనిమిదో తరగతిలో బడి మానేసి, నాన్న చేత తన్నులు తిని వీధిలో కూర్చున్నప్పుడు, నన్ను ట్యాంకరు ముందు సీట్లోకి ఎక్కించుకున్నది బావ. బడిగంట కంటే ఈ హారనే బావుంటుంది బామ్మర్దీ అని దాన్ని నా చేత మోగించాడు. ఎండ మండుతుంటే బండి ఆపి, గొట్టం విప్పి, నా నెత్తిన నీళ్ళు వదిలేవాడు. జనం బిందెలతో కాచుక్కూర్చున్న నీళ్ళు అవి. ఆ నీళ్ళ చల్లదనం ఇంకా నా వీపు మీద ఉంది. అలాంటివాణ్ణి ఒక స్థలం కోసం చంపేస్తామంటే నా ప్రాణం ఒప్పలేదు.

అందుకే వెతకడం మొదలుపెట్టాను. నా లెక్క మోటు లెక్క. బావ తాగకుండా ఉండలేడు, తాగితే బండి ఎక్కకుండా ఉండలేడు. ఎక్కడున్నా ఏదో ఒక కూడలిలో పోలీసులు ఆపి ఊదించక మానరు. ఊదితే కేసు, కేసైతే కోర్టు, కోర్టైతే కాగితం. కాగితం మీద తారీఖు ఉంటుంది. చచ్చినవాడు గొట్టంలోకి ఊదలేడు కదా.

ట్రాఫిక్ స్టేషన్లో అడిగితే, పట్టుకోవడం వరకే మా పని, ఆ తర్వాతిదంతా కోర్టులో ఉంటుంది, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు అన్నారు. కోర్టు వరండా చివర ఒక కంప్యూటరు పెట్టారు. పేరు కొడితే కేసులు వస్తాయి. సుత్తి పట్టిన వేళ్ళు నావి, ఒక మీట నొక్కితే మూడు పడతాయి. ఎలాగో బావ పేరు కొట్టాను. ఆ పేరుగల తాగుబోతులు చీమల బారులా వచ్చారు. తండ్రి పేరు కలిపి కొడితే ఒక్కడూ లేడు. నా వెనక స్కూలు బస్సుల మేనేజరు ఒకాయన, కొత్త డ్రైవరు మీద మచ్చ ఏమైనా ఉందేమో చూసుకోవాలని నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకడు, తన పేరు ఇంకా అందులో ఉందేమో చూసుకోవడానికి వచ్చాడు. అందరూ పేరు కనబడకూడదని వెతికేవాళ్ళే. కనబడాలని కోరుకున్నవాణ్ణి ఆ వరండాలో నేనొక్కణ్ణే.

నకళ్ళు ఇచ్చే గుమాస్తా నా అవస్థ చూసి, బండి నంబరు చెప్పమన్నాడు. ఎవడి బండి దొరికితే ఆ బండి అన్నాను. అయితే ఇంటి అడ్రసు చెప్పు అన్నాడు. ఇల్లు వదిలేసినవాడు ఇంటి అడ్రసు ఎందుకు ఇస్తాడని నేను నవ్వాను. గుమాస్తా నవ్వలేదు. తాగినవాడు పేరు నోటికొచ్చినట్టు చెప్తాడు, ఇల్లు మాత్రం తప్పు చెప్పడు, దింపమనేది అక్కడికే కదా అన్నాడు.

అక్క ఇంటి నంబరు, వీధి చెప్పాను. ఆ కోర్టు వరకు రెండు కేసులు వచ్చాయి.

దరఖాస్తు పెట్టి, మధ్యాహ్నం దాకా కూర్చుంటే రెండు కాగితాలు ఒక గుండుసూదికి గుచ్చి చేతిలో పెట్టారు. పై కాగితం చదువుతూ చదువుతూ అడుగుకు వచ్చేసరికి అక్క సంతకం. చివర తోకలా మెలి తిప్పే ఆ గీత నాకు తెలియనిదా? అమ్మ బదులు నా ప్రోగ్రెస్ కార్డుల మీద దొంగసంతకాలు పెట్టిన చెయ్యి అదే. కింది కాగితం తిరగేసి చూడాలన్న ధ్యాస కూడా లేకుండా, రెండూ జేబులో కుక్కి, ఆసుపత్రికి నడిచాను.

అక్క పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. వంటగదికీ శవాల గదికీ మధ్య ఉంటుంది అది. తలుపు తీయగానే ఉడుకు ఆవిరి మొహాన కొడుతుంది. ఉతికే మిషన్లు ఒకవైపు, ఆరబెట్టేవి ఒకవైపు, మధ్యలో పొడుగాటి బల్ల. ఆ బల్ల దగ్గర నిలబడి అక్క రోజంతా దుప్పట్లు మడతపెడుతుంది. ఎవరెవరు ఏ రోగంతో పడుకున్న దుప్పట్లో, అన్నీ అక్క చేతిలో ఒకే కొలతకు వస్తాయి.

సూపర్వైజరమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది. పని వేళల్లో చుట్టాలు రాకూడదు అంది. ఒక్క మాట మాట్లాడి పోతానన్నాను. అక్కతో దుప్పటి పట్టే మనిషి ఇవాళ రాలేదట, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "తమ్ముడైతే చేతులుండవా? వెళ్ళి కొసలు పట్టుకో. ఒక్క మాటేం ఖర్మ, సాయంత్రం దాకా మాట్లాడుకో," అంది.

అలా నేను దుప్పటికి ఒకవైపు, అక్క ఇంకోవైపు నిలబడ్డాం. దుప్పటి మడత చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఇద్దరూ దూరంగా నిలబడి సాగదీసి దులపాలి. సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకరి కొసలు ఒకరికి అందించాలి. మళ్ళీ వెనక్కి. మొహం మొహం దగ్గరకొచ్చిన ప్రతిసారీ ఒక మాట అనొచ్చు. దూరం జరిగేటప్పుడు దాని మీద ఆలోచించుకోవచ్చు.

"బావ ఎక్కడ?" అన్నాను మొదటిసారి దగ్గరకొచ్చినప్పుడు.

"నాకేం తెలుసు?" అని అక్క కొసలు అందుకుని వెనక్కి వెళ్ళింది.

"తెలియకుండానే స్టేషన్లో సంతకం పెట్టావా?" అన్నాను రెండోసారి.

దుప్పటి అక్క వైపు జారి నేలకు తాకింది. సూపర్వైజరమ్మ అటు తిరిగి ఉంది గనక బతికిపోయాం. అక్క వంగి తీసి, మళ్ళీ దులిపి, ఆవిరిలో నన్ను తేరిపార చూసింది. ఏడుస్తుందనుకున్నాను. కాళ్ళమీద పడినంత పని చేసి ఎవరికీ చెప్పొద్దంటుందనుకున్నాను. ఎంత చెడ్డా తమ్ముణ్ణి కదా, ఆ బతిమాలించుకోవడం కోసమే అంత దూరం నడిచి వచ్చానేమో కూడా.

"ఏది దొరికింది నీకు?" అని అడిగింది అక్క. "సిమెంటు లారీదా, కోళ్ళ వ్యానుదా?"

ఒక్కసారి జరిగిన తప్పును పట్టుకున్నానని నేను వచ్చాను. అక్క దగ్గర వాటి వరసే ఉంది. కోళ్ళ వ్యాను అన్నాను చివరికి. అక్క మొహం మీద, నేను ఎన్నేళ్ళుగానో చూడని నవ్వు ఒకటి వచ్చి పోయింది. ఆ రోజు ఆయన ఒళ్ళంతా ఈకలేరా, ఏరి తీసేసరికి తెల్లారింది అంది.

తర్వాత దుప్పటి తర్వాత దుప్పటి మడుస్తూ చెప్పింది. ఇంట్లోంచి వెళ్ళాక కొన్నాళ్ళకు తెల్లవారుతుండగా ఫోన్ వచ్చిందట. తాగి దొరికాడు, బండి వదిలినా మనిషిని ఒంటరిగా వదలం, అయినవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళండి అన్నారట. బావకు కంఠతా వచ్చిన నంబరు లోకంలో అదొక్కటే. అక్క ఒక చొక్కా, దువ్వెన సంచిలో వేసుకుని వెళ్ళింది. మత్తు దిగేదాకా స్టేషన్ బెంచీ మీద ఆయన తల తన భుజం మీద పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కోర్టుకు నడిచారు. జడ్జి ముందు ఆయన తప్పు ఒప్పుకుంటుంటే అక్క వెనక నిలబడింది. కోర్టు గేటు దగ్గర ఆయన ఒకవైపు, ఈవిడ ఒకవైపు. మళ్ళీ ఫోన్ వచ్చేదాకా అంతే.

ఆ రోజుల్లో నాకేం చెప్పేదో గుర్తొచ్చింది. లాండ్రీలో డబుల్ డ్యూటీ పడిందిరా అనేది. డబుల్ డ్యూటీ చేసిన మనిషి అంత కళకళలాడుతూ ఇంటికి వస్తుందేమిటని నేను ఒక్కసారి ఆలోచించి ఉంటే ఒట్టు. పెళ్ళాం పుట్టింటికి పోయి తిరిగిరాని మగాణ్ణి నేను. ఆడవాళ్ళ మొహాల్లో కళ ఎందుకొస్తుందో తెలిసేంత తెలివే ఉంటే, ఆవిడ మాత్రం ఎందుకు పోతుంది?

కానీ ఒకటి మింగుడు పడలేదు. "కోర్టు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు మత్తు దిగిపోయే ఉంటుంది కదా," అన్నాను. "తాగి గడప తొక్కననే కదా ఒట్టు. అప్పుడు ఇంటికి తీసుకురావచ్చు కదక్కా."

"అడగలేదనుకున్నావా?" అంది. దుప్పటి కొసలు నా చేతిలో పెట్టి వదలకుండా అలాగే పట్టుకుంది. "ప్రతిసారీ అడిగాను. ఇది దిగిన మత్తే గాని మానిన మత్తు కాదు అంటాడు. నన్ను మోసం చెయ్యమంటే చేస్తాడు గాని, ఆ ఒట్టును చెయ్యడట."

బాగా చెప్పాడు. తాగుబోతుల్లో సత్యసంధుడు మా అక్కకే దొరకాలా? ఆ మాట పైకి అనలేదు. అక్క మొహం చూశాక అనబుద్ధి కాలేదు.

"నీకు నవ్వులాటగా ఉంటుంది," అంది అక్క వెనక్కి నడుస్తూ. "కూడలిలో పోలీసులు బండ్లు ఆపి ఊదిస్తుంటే అందరూ తిట్టుకుంటూ పోతారు. నేను బస్సులోంచే దణ్ణం పెట్టుకుంటాను. నాయనా, ఇంకా కాసేపు నిలబడండి, ఇంకో నాలుగు బండ్లు ఆపండి అని. ఆయన మానెయ్యాలని దేవుడికి మొక్కుతాను. మానకపోతే దొరకాలని పోలీసులకు మొక్కుతాను. నా మొగుణ్ణి నేను చూసుకునే దారి ఇంకేముందిరా?"

ఆరబెట్టే మిషను ఆగి గంట కొట్టింది. సూపర్వైజరమ్మ ఒక బండి నిండా వేడి దుప్పట్లు తెచ్చి మా ముందు గుమ్మరించి, అక్కాతమ్ముళ్ళ ముచ్చట్లు తెమిలేట్టు లేవే అని వెళ్ళింది. మేం కొత్తది తీసుకున్నాం. వేడికి నా వేళ్ళు చురుక్కుమన్నాయి. అక్క వేళ్ళకు ఆ సంగతే తెలియదు.

"మరి సోమవారం ఏం చెప్పబోతున్నావ్?" అని అడిగాను. నాకు అసలైన కోపం అక్కడుంది. మనిషిని చేతులారా తల దువ్వి పంపించి, కనబడలేదని కోర్టులో ఎలా చెప్తుంది?

ఒక దుప్పటి, ఇంకో దుప్పటి అయ్యాయి. ఆ తర్వాత అక్క, పోయిన వానాకాలం నుంచి ఫోన్ రావడం లేదని చెప్పింది. అన్నాళ్ళు ఎప్పుడూ ఆగలేదు. ముందు సంతోషించిందట. మానేశాడేమో, ఏ రోజైనా నిబ్బరంగా నడుచుకుంటూ వస్తాడని గుమ్మం కడుక్కుని కూర్చుందట. రాలేదు.

"మానేస్తే వచ్చేవాడు. తాగుతుంటే దొరికేవాడు. వచ్చిందీ లేదు, దొరికిందీ లేదు." అక్క దుప్పటి అంచు గోటితో నొక్కి మడత తీరుస్తూ అంది. "రెండూ కాకపోతే మూడోది ఏముంటుందో నువ్వే చెప్పు. పెద్దాయన చెప్పమన్నాడని కాదు. నాకే తోచింది. పోయాడని పైకి అనేస్తే, ఈ చెవులు ఫోన్ కోసం ఎదురుచూడ్డం మానేస్తాయేమోనని."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది. జేబులోంచి కాగితాలు తీసి అక్కకిచ్చాను. ఈ కోళ్ళ వ్యాను కాగితం నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఇంకేం ఇవ్వగలను?

అక్క చెమట చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. సంతకం చూసుకుంది. బావ సంతకం కూడా ఉంది పక్కనే, తూలిపోతూ. దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత గుండుసూది చూసి, కింద ఇంకోటి ఉందే, ఇది సిమెంటు లారీదా అని తిరగేసింది.

సిమెంటు లారీది కాదు. తారీఖు ఈ నెలది.

అక్క కళ్ళు ఆ గీతల మీద ఎలా పాకాయో చూస్తూ నిలబడ్డాను. చదివి, కాగితం నాకిచ్చి, పైకి చదవమంది. తన కళ్ళను తను నమ్మలేదేమో. నేను కూడబలుక్కుంటూ చదివాను. అడ్రసు అదే, అక్క ఇల్లు. ఇసుక ట్రాక్టరు నడుపుతూ దొరికాడు. దాని కింద పోలీసులు రాసిన మాటలు ఇవి: ముద్దాయి చెప్పిన నంబరుకు ఫోన్ చేయగా, ఆ పేరుగల మనిషి చనిపోయినాడని ఆ ఇంటివారు తెలిపినారు. పూచీకి ఎవరూ రానందున, ఇదివరకటి కేసుల దృష్ట్యా, రిమాండు. సోమవారం కోర్టులో హాజరు పరచవలెను.

సోమవారం. ఆ కోర్టులో తాగి నడిపిన కేసులు కింది హాల్లో పిలుస్తారు. పిటిషన్లు పై హాల్లో. రెండింటికీ సోమవారమే. కింద బావను పేరు పెట్టి పిలిచే వేళకు, పైన ఆయన చచ్చిపోయాడని అక్క చెప్తూ ఉండేది.

"బతికున్నాడు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అంతకంటే మంచి మాట నా నోట్లోంచి ఎన్నడూ రాలేదు.

అక్క అది విననట్టే ఉంది. కాగితం మీద నంబరు చూపించి, ఇది నా పాత ఫోనుదిరా అంది. వానాకాలంలో ఆ ఫోను చెడిపోతే పెద్దాయనే కొత్తది తెచ్చి ఇచ్చాడు. పాతది బాగుచేయిస్తానని పట్టుకెళ్ళాడు. కొత్తదానికి నంబరు మారింది గాని, పాత నంబరుకు వచ్చినవన్నీ దీనికే వచ్చేట్టు చెప్పి చేయించానన్నాడు. అక్క నమ్మింది. ఎందుకు నమ్మదు? నేనూ కొత్త నంబరు రాసుకుని ఊరుకున్నాను. ఆ పాత నంబరు ఒక మనిషి ఇంటికి వచ్చే దారి అని నాకేం తెలుసు?

నేను తిట్లు మొదలుపెట్టాను. నాకు చదువు అబ్బకపోయినా ఆ విద్య బాగానే వచ్చు. అక్క వినిపించుకోకుండా గోడకున్న లాండ్రీ ఫోను దగ్గరికి నడిచింది. సూపర్వైజరమ్మను అడిగి తీసుకుని, తన పాత నంబరు తనే నొక్కింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, నాకూ వినబడేట్టు రిసీవరు ఇద్దరి చెవుల మధ్యా పెట్టింది.

గొంతు గుర్తుపడతాడు, వద్దక్కా అన్నాను.

"ఆయన నా గొంతు ఎప్పుడు విన్నాడు?" అంది.

నిజమే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ పెద్దాయన ముందు అక్క మాట ఊ, సరేనండీ దాటలేదు. అది కూడా తల దించుకుని, నేలకు చెప్పినట్టు.

అవతల ఫోను ఎత్తారు. రంపం చప్పుడు. దాని మీద పెద్దాయన హలో.

"స్టేషన్ నుంచి మాట్లాడుతున్నామండీ," అంది అక్క. స్టేషన్లలో కూర్చుని కూర్చుని ఆ మాటతీరు పట్టేసింది కాబోలు, నాకే ఎవరో అనిపించింది. "మీ తమ్ముడినని చెప్తున్నాయన్ని సోమవారం హాజరు పరచాలి. పూచీకి ఎవరైనా వస్తారేమో ఇంకోసారి కనుక్కోమన్నారు."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? మావాడు పోయాడు. మీ దగ్గరున్నవాడెవడో ఆ పేరు వాడుకుంటున్నాడు."

"ఆయన భార్య ఉన్నారట కదండీ. ఆవిడ వస్తే..."

"ఆవిడ చేత కూడా ఆ రోజే చెప్పించాను కదా. మీవాళ్ళు స్పీకరు పెట్టి వాడికే వినిపించారు. విని కిక్కురుమనలేదని మీ హెడ్ కానిస్టేబులే అన్నాడు."

రిసీవరు మీద అక్క వేళ్ళు తెల్లబడ్డాయి. గొంతు మాత్రం అలాగే ఉంది. "రాసుకోవాలండీ. ఆవిడ ఏమని చెప్పారు?"

"నాకు అలాంటివాడెవడూ లేడు, ఇంకెప్పుడూ ఈ నంబరుకు ఫోన్ చేయనివ్వకండి అంది. రాసుకో. ఇంతకీ నీ పేరేంటమ్మా?"

అక్క ఫోను పెట్టేసింది. గోడ వైపే తిరిగి కాసేపు నిలబడింది. నేను భుజం మీద చెయ్యి వేయబోయి, నా చేతి మురికి చూసుకుని, వెనక్కి తీసుకున్నాను. తర్వాత అక్క బల్ల దగ్గరికొచ్చి, కుప్పలోంచి ఇంకో దుప్పటి లాగి, కొసలు నా వైపు విసిరింది. పట్టుకున్నాను. ఏం చేస్తాం మరి.

సగం మడత కూడా కాకముందే అక్క కొత్త ఫోను మోగింది. పెద్దాయన. అక్క ఎత్తి, తల దించుకుని, ఊ అంది. ఊ అంది. సరేనండీ అంది. పెట్టేసింది. సాయంత్రం లాయరు దగ్గరికి రమ్మంటున్నాడు, సోమవారం ఏం చెప్పాలో ముగ్గురికీ ఒకసారి చెప్పిస్తారట, తోడికోడలు కూడా వస్తోందట అని నాకు చెప్పింది.

"వెళ్తావా?" అన్నాను.

"వెళ్తాను."

"ఆయన మొహం మీద ఈ కాగితం కొట్టడానికేనా?"

అక్క దుప్పటి కొసలతో నా దగ్గరికి నడిచి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. అవి చూడలేక నేను దుప్పటిని చూశాను.

"కాదు. ఆ ఇంట్లో ఆడగొంతు ఒక్కటే, తోడికోడలిది. ఆవిడ చేత నాలుగు మాటలు మాట్లాడించి, కళ్ళు మూసుకుని వింటాను. తాగిన మనిషి చెవికి అది నా గొంతులా ఉంటుందో, ఉండదో, సోమవారం లోపల నాకు తెలియాలిరా."